మార్చిలో ఆకు రాల్చిన గుట్ట

తొంభైల్లో నేను నల్గొండ కాలేజీలో భూగోళశాస్త్రం చెప్పేవాణ్ణి. ఉపగ్రహ చిత్రాలు చూసి అడవి ఎక్కడ తగ్గిందో గుర్తించి అటవీశాఖకు నివేదిక ఇచ్చే పని ఒకటి నా నెత్తిన పడింది. ఆ చిత్రాల్లో పచ్చటి ఆకు ఎర్రగా పడుతుంది. వానల తర్వాత తీసిన పాత చిత్రంలో మన్ననూరు అవతలి గుట్ట ఎర్రగా ఉంది, మార్చిలో తీసిన కొత్తదాంట్లో బూడిదరంగుకు తిరిగింది. ‘నరికివేత’ అని పెన్సిల్‌తో చుట్టేశాను. గుట్ట కింద చెంచుల పెంట ఉంది; పెంట అంటే వాళ్ల గూడెం, పది గుడిసెలు. నా నివేదిక అలాగే వెళ్తే నేరం వాళ్ల మీద పడుతుంది, పెంట ఖాళీ చేయిస్తారు. సాక్ష్యానికి ఫొటోలు కావాలని మరుసటి మార్చిలో బయల్దేరాను.

పొద్దున ఆరింటి బస్సెక్కితే దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేట చేరేసరికి పదిన్నరైంది. అక్కణ్ణుంచి జీపు కిరాయి, రానూపోనూ రెండు వందలు. డ్రైవర్ ఖాజామియా నా చేతిలోని చిత్రాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. “పచ్చటి ఆకు ఎర్రగ కనవడ్తదా? గీ ఫొటో తీసినోని కండ్లు జర దవాఖానల సూపెట్టున్రి సార్,” అన్నాడు.

పెంటలో పెద్దమనిషి లింగయ్య మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. వచ్చిన పని చెప్పాను. ఆయన కోప్పడలేదు, గుట్ట మీదికి తీసుకెళ్లాడు. చెట్లన్నీ ఒక్క ఆకు లేకుండా నిలబడి ఉన్నాయి. లింగయ్య కత్తి మొనతో ఒక ఇప్పచెట్టు బెరడు గీకితే లోపల పచ్చగా, తడిగా ఉంది. కింద నేలంతా ఇప్పపువ్వు.

“నరికితె పువ్వు యాడికెల్లి రాలుతది సారూ? ఎండకు ఆకు రాల్చింది, గంతే. వానలు పడ్డంక వచ్చి సూడు.”

సిగ్గేసింది. పిల్లలకు రుతువుల పాఠం చెప్పే నేను రెండు చిత్రాల నెలలు సరిచూసుకోలేదు. జీపు బానెట్ మీద చిత్రం పరిచి ఆ పెన్సిల్ గీత చెరిపేశాను. లింగయ్య దోసెడు ఇప్పపువ్వు నా సంచిలో పోశాడు.

అక్టోబరులో మళ్లీ వెళ్లాను. గుట్ట పచ్చగా ఉంది, పది గుడిసెలూ అక్కడే ఉన్నాయి. తనను వెళ్లగొట్టే కాగితం పట్టుకొచ్చిన నాకు నీళ్లిచ్చి, దారి చూపించి, తప్పు దిద్దిన ఆ మనిషి మేలు ఈ జన్మలో మరవలేను. మీరూ అటు వెళ్లి అడవి పెరిగిందో తరిగిందో చూడాలనుకుంటే, మరుసటి ఏడు కూడా మొదట వెళ్లిన నెలలోనే వెళ్లండి.