అటూ ఇటూ కాని ముక్కలు

మా ప్యాకింగ్ సెక్షన్ అక్క పేకాటలో మంచి ముక్కలు పడితే వెంటనే ఆడేది, చెడ్డవైతే వెంటనే తప్పుకునేది. అటూ ఇటూ కానివి పడితే మాత్రం వాటిని మూసి, ఎదుటివాళ్ల మొహాలు చూసేది.

సద్దుల బతుకమ్మకు సెక్షన్‌లో అక్కతో కలిపి ముగ్గురు అడిగితే, ఒక్కరికే సెలవు. దానికోసం బొల్లారం వెళ్లే కంపెనీ బస్సులో రమ్మీ వేశారు. తప్పుకుంటే పండుగనాడు డ్యూటీ. ఆడి ఓడితే తర్వాతి ఆదివారం కూడా డ్యూటీయే. పెళ్లయ్యాక అక్క కూతురు మొదటిసారి పండుగకు వస్తోంది.

ఒకామె తప్పుకుంది. రెండో ఆమె ముక్కలు అటూ ఇటూ సర్ది, “ఆడుత” అంది. అక్క ఆమెనే చూస్తూ కూర్చుంది.

“చెప్పవేందక్కా, గేటొచ్చేదాక గిట్లనే సూస్తవా?”

“నీకు గూడ సక్కగ పడలే. నేనూ ఆడుత.”

పక్క సీట్లోంచి నేను తొంగి చూశాను. ఫ్యాక్టరీ గేటు కనబడుతుండగా అక్క షో చేసి గెలిచింది. ముక్కలు సంచిలో వేసుకోబోతే, చేతిలోంచి జారి అన్నీ సీట్ల కింద చెదిరిపోయాయి.

“జెర ఏరియ్యవే పిల్లా,” అంది నాతో. “నా బిడ్డొస్తుంది.”