కుంపటి

చలికాలం సాయంత్రమైతే చాలు, టౌన్‌షిప్ సెక్టర్ 2లో కొడుకు క్వార్టర్ గుమ్మం ముందు అప్పలసూరి పీట వాల్చి కుంపటి రాజేస్తాడు. స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి; ఆ సెగకి మాడిన ముంజేతుల మీద ఇప్పటికీ వెంట్రుక మొలవదు. నిప్పుల్లో చిలగడదుంప పెట్టి, వేళ్లతోనే తిప్పుతుంటాడు. ఆ రోజు పొగ భరించలేక కోడలు భాగ్యరేఖ చెంబుడు నీళ్లు కుంపట్లో గుమ్మరించింది.

"ఈ వయసులో ఈ పొగేటి మావయ్యా? పక్కింటోళ్లు తిడతన్నారు. లోపల కొత్త హీటరుంది కదా! బతుకంతా మంటలకాడే ఉన్నారు, ఇంకా తనివి తీరలేదేటి?"

అప్పలసూరి తడిబొగ్గులు పారబోసి, పొడిబొగ్గులు పేర్చి, మళ్లీ నిప్పంటించాడు. దుంపని లుంగీకి తుడిచి, తిరిగి నిప్పుల్లో పెట్టాడు.

"అది ప్లాంటు మంటమ్మా. అది రమ్మంటే నానెల్లీవోణ్ణి. ఇది నాను రమ్మంటే వస్తాది," అని ఊదుగొట్టం నోట పెట్టుకున్నాడు.