నాలుగు బంగారు పతకాలు, ఒక్క గుద్దు

నేను ప్రొఫెషనల్ బాక్సర్‌గా బరిలో దిగిన మొదటి నిమిషంలో ఏం జరిగిందో చెప్పమని జనం నన్ను ఇప్పటికీ పెళ్లిళ్లలో అడుగుతారు, దశదినకర్మల్లో అడుగుతారు, పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా అడుగుతారు. చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అందుకని ఈసారి రాసి పెడుతున్నాను. ముందే మనవి చేసుకుంటున్నా, ఇందులో వీరత్వం వెతక్కండి. తొంభై ఆరు కిలోల మనిషి ఒకడు, మిర్యాలగూడ జనమంతా చూస్తుండగా, తనంతట తానే వెనక్కి తిరిగి నవ్వుతూ అవతలివాడి పిడికిలికి మొహం అప్పగించిన వైనం మాత్రమే ఉంది.

మాది సూర్యాపేట. నా పేరు సైదులు. మా నాయిన లింగయ్య మార్కెట్ యార్డులో హమాలీ. ఇంటర్ చదివే రోజుల్లో నాయినకు అన్నం తీసుకుని యార్డుకు వెళ్తే, బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన జనార్దన్ సారు అక్కడ నన్ను చూశారు. చూడటమంటే మామూలుగా కాదు. చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి మరీ చూశారు. ఆయన పాత షెడ్డు ఒకదానిలో పిల్లలకు బాక్సింగ్ నేర్పిస్తుండేవారు.

"బాక్సింగ్ చేస్తవా?" అన్నారు.

"చేస్తె ఏమొస్తది సార్?"

"పొద్దుగాల రెండు ఉడకబెట్టిన గుడ్లొస్తయి."

నా క్రీడాజీవితం అలా మొదలైంది. దేశం కోసం మొదలైందని చెప్పుకుంటే బాగుండేదే కానీ, గుడ్ల కోసమే మొదలైంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. బాక్సింగ్‌లో ఎవరి బరువు వాళ్లతోనే పోటీ. మా దగ్గర యాభై కిలోల పిల్లలు కావలసినంత మంది దొరుకుతారు. తొంభై దాటినవాళ్లు దొరకరు. దొరికినా వాళ్లకు ఈపాటికి పెళ్లయి, కిరాణా కొట్టుండి, గల్లాపెట్టె దగ్గరి నుంచి లేవరు. కాబట్టి నా విభాగంలో పోటీకి వచ్చేది నేనొక్కడినే. దాన్ని వాకోవర్ అంటారు. ఎదుట మనిషి లేకపోయినా పద్ధతి మాత్రం తప్పకూడదు. నేను గ్లవ్స్ తొడుక్కుని రింగ్ ఎక్కాలి. మైకులో నా పేరు చదువుతారు. గంట కొడతారు. నేను మధ్యలోకి వెళ్లి నిలబడితే రిఫరీ నా కుడిచెయ్యి పైకెత్తుతాడు. నేను నాలుగు దిక్కులకూ తిరిగి దండం పెట్టి, దిగి వచ్చి పతకం వేయించుకుంటాను. మొత్తం కలిపి నిమిషం పట్టదు.

అలా నాలుగేళ్లలో నాలుగు బంగారు పతకాలు. మొదటి మూడూ చుట్టుపక్కల జిల్లాలు కలిసి పెట్టే పోటీల్లో. నాలుగోది రాష్ట్రస్థాయిలో. అక్కడ నిజంగానే ఒక ప్రత్యర్థి ఉన్నాడని తెలిసి ముందురోజంతా నాకు అన్నం సయించలేదు. తెల్లారేసరికి వాడికి జ్వరం వచ్చింది. ఆ దేవుడు ఉన్నాడని అప్పుడే నమ్మాను. జాతీయ పోటీలకు పంపే సమయానికి నాకే పచ్చకామెర్లు వచ్చాయి. ఆ విధంగా వాకోవర్ తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా తెలిసినవాణ్ణయ్యాను.

మరి సాధన సంగతేమిటంటారా? చేశాను. పొద్దున్నే పరుగు, ఊక నింపిన సంచిని గుద్దడం, అన్నీ చేశాను. షెడ్డులోని పిల్లలతోనే తలపడేవాణ్ణి. "వాళ్లు నిన్ను కొడ్తరు, నువ్వు వాళ్లను కొట్టకు, వాళ్ల అమ్మలు నా మీదికొస్తరు" అని సారు ఆజ్ఞ. నేను నిలబడేవాణ్ణి, వాళ్లు నా చుట్టూ తిరిగి పొట్ట మీద వాయించి ఇళ్లకు పోయేవాళ్లు.

అసలు చిక్కు పతకాలతో రాలేదు. మా నాయినతో వచ్చింది. మొదటి పతకం తెచ్చిన సాయంత్రం, నాయిన పొద్దంతా బస్తాలు మోసి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎట్ల కొట్టినవ్ బిడ్డా? జర మంచిగ చెప్పు."

ఎదుట ఎవరూ లేరు నాయినా అని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ ఆయన కళ్లు చూశాక ఆ మాట బయటికి రాలేదు. "నల్లగొండ పోరడు నాయినా. నాకంటె పొడుగు. మొదటి రౌండ్ల నన్నే కొట్టిండు. రెండో రౌండ్ల నేనొక్కటి ఇచ్చిన. పడ్డడు" అన్నాను.

నాయిన మరునాడు యార్డులో హమాలీల జట్టుకంతా ఆ కథ చెప్పాడు. రెండో పతకానికి ఖమ్మం వాణ్ణి పడగొట్టాను. మూడోదానికి వరంగల్ వాణ్ణి. నాయిన నోట్లో ఆ కథలు రోజుకింత పెరిగేవి, వారం తిరిగేసరికి వరంగల్ వాడి ముక్కు కూడా పగిలింది. నేనొకసారి మార్కెట్ దగ్గర చాయ్ తాగుతుంటే నాకే తెలియని నా పోరాటం ఒకటి పక్క బల్ల మీద వినిపించింది. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది, చివరిదాకా విన్నాను.

ఇలా ఉండగా హైదరాబాద్ నుంచి ఒక నిర్వాహకుడు మిర్యాలగూడలో ప్రొఫెషనల్ బాక్సింగ్ పెడుతున్నానని దిగాడు. హెవీవెయిట్ ఉంటే జనం వస్తారని ఆయన లెక్క. నా నాలుగు పతకాల సంగతి విని ఫోన్ చేశాడు. జనార్దన్ సారు వద్దంటూనే ఉన్నారు. నేను ఒప్పుకుని కూర్చున్నాను. వారం తిరక్కుండా బస్టాండు దగ్గర నా ఫ్లెక్సీ లేచింది. దాని మీద "ఓటమి ఎరుగని సూర్యాపేట సింహం" అని రాశారు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఓటమి ఎరగను. గెలుపు కూడా ఎరగనని రాయలేదు, అంతే.

సారు నన్ను షెడ్డులో కూర్చోబెట్టి చెప్పారు. "సైదులూ, ఇప్పుడు గంట కొట్టినంక ఎదురుంగ మనిషి ఉంటడు. యాదికి పెట్టుకో."

"అంత తెల్వదా సార్ నాకు?" అని నవ్వాను.

ఇంట్లో అమ్మ బాధ వేరు. ప్రొఫెషనల్ పోటీలో బనీను ఉండదని తెలిసి, "అంత మంది ముంగట ఉత్త ఒంటితోని నిలబడ్తవా, దిష్టి తగుల్తది" అని అరికాలికి కాటుక చుక్క పెట్టింది. ఇక నాయిన ఏం చేశాడంటే, తన జట్టు జట్టునంతా పనికి సెలవు పెట్టించి, డీసీఎం వ్యాను మాట్లాడాడు. నా పోరాటం ఆయన కళ్లతో చూడటం ఇదే మొదటిసారి. "ఇన్నొద్దులు నేను చెప్తుంటె విన్నరు. ఇయ్యాల సూస్తరు" అన్నాడు జట్టు పెద్ద మల్లయ్యతో.

అది విన్నప్పుడు నాకు పట్టుకున్న భయం నాతో తలపడబోయే కోదాడ వాడి గురించి కాదు. నేను గెలుస్తానా ఓడతానా అని కూడా కాదు. నాలుగేళ్లుగా మా నాయిన తలెత్తుకుని తిరుగుతున్నది నా అబద్ధాల మీద. నేను రెండు నిమిషాల్లో పడిపోతే నల్లగొండ వాడు, ఖమ్మం వాడు, వరంగల్ వాడు ముగ్గురూ నాతోపాటే పడిపోతారు. రేపటి నుంచి యార్డులో ఆయన మాట ఎవరు నమ్ముతారు? ఆ ఆలోచనతో వ్యానులో వాళ్లు పెట్టిన పులిహోర కూడా వద్దన్నాను. నా చరిత్రలో అది పెద్ద విషయం.

పోటీ ఒక రైస్‌మిల్లు ముందు, వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు మీద. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. జనం గోడల మీద కూడా ఎక్కారు. నా ప్రత్యర్థి పేరు ప్రసాద్. కోదాడలో హైవే పక్కన లారీ టైర్లకు పంక్చర్లు వేస్తాడు. నాకంటే జానెడు పొట్టి, కానీ లారీ టైరును ఒంటిచేత్తో దొర్లించే భుజాలు. బరువు చూసేటప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ఒకరినొకరు కోపంగా చూసుకోమన్నారు. అతను కాసేపు ప్రయత్నించి, "ఏమనుకోకన్నా, ఫొటో కోసమంట" అన్నాడు. మంచివాడు. అదే నా కొంప ముంచింది.

రింగ్ ఎక్కాం. ముఖ్య అతిథిగా వచ్చిన మిల్లు యజమాని ఇద్దరికీ శాలువాలు కప్పాడు. మైకులో నా నాలుగు పతకాలూ చదివారు. ఈలలు, డప్పులు. ఒంట్లో ఏదో తెలిసిన పాట మొదలైనట్టయింది. రింగు, మైకు, నా పేరు, చప్పట్లు. ఇదంతా నాకు కొట్టిన పిండే కదా.

గంట మోగింది.

నేను దర్జాగా మధ్యలోకి నడిచి, నాలుగేళ్ల అలవాటు ప్రకారం రిఫరీకి నా కుడిచెయ్యి అందించాను.

రిఫరీ నా చేతిని చూశాడు, నన్ను చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు. కొత్తవాడేమో, పద్ధతి తెలియదనుకున్నాను. పాపం అనుకుని నా చెయ్యి నేనే ఎత్తుకున్నాను. తర్వాత రెండు గ్లవ్స్ జోడించి తూర్పు వైపు జడ్జీలకు దండం పెట్టాను.

వెనక నుంచి "అన్నా" అని ఒక గొంతు.

నేను పడమటికి తిరిగి మిల్లు యజమానికి దండం పెట్టాను. ఆయన కంగారుపడి లేచి తిరిగి దండం పెట్టాడు.

"అన్నా, ఇటు తిరగన్నా. నేనిక్కడున్నా."

సెల్ఫీ కోసం ఎవరో అభిమాని అనుకున్నాను. మీరు నవ్వండి, నాకేం కోపం లేదు. "ఒక్క నిమిషం తమ్మీ" అని కూడా అన్నాను. రిఫరీ ఇక కొట్టుకోండని "బాక్స్, బాక్స్" అంటున్నాడు. "థాంక్యూ సార్" అన్నాను.

దక్షిణం వైపు మా నాయిన, జట్టు. వాళ్లకు కొంచెం ఎక్కువ వంగి దండం పెట్టాను. నాయిన కుర్చీ ఎక్కి నిలబడి, చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు.

"ఎన్కకు సూడు బిడ్డా, ఎన్కకు."

అవును నిజమే, అటువైపు వాళ్లకు ఇంకా పెట్టలేదు కదా అనుకున్నాను. చేతులు జోడించి, నిండుగా నవ్వుతూ వెనక్కి తిరిగాను.

ప్రసాద్ ఎంతసేపని ఆగుతాడు. వాళ్ల కోదాడ వాళ్లు అప్పటికే "బాక్సింగా, పూజా?" అని కేకలు పెడుతున్నారట. ఆ గుద్దు సరిగ్గా నా నవ్వు మధ్యలో దిగింది. నేను దండం విప్పకుండానే వెల్లకిలా పడ్డాను. కింద నుంచి చూస్తే రిఫరీ వేళ్లు లెక్కపెడుతున్నాడు, అతని పక్కన ప్రసాద్ మొహం. "పిలిచా కదన్నా" అంటున్నాడు.

నాలుగు అనేసరికి నేనెక్కడున్నానో గుర్తొచ్చింది. ఆరు అనేసరికి నాయిన గుర్తొచ్చాడు. ఎనిమిది దగ్గర లేచాను. ఎలా లేచానో అడక్కండి. ఆ తర్వాత నాలుగు రౌండ్లు నేను నా జీవితంలో మొదటిసారి బాక్సింగ్ చేశాను. చేశాను అనడం కన్నా ఎక్కువగా తిన్నాను అనాలి. మూడో రౌండులో నా ఎడమచేతి గుద్దు ఒకటి అతని దవడకు తగిలింది. నిజమైన మనిషిని నిజంగా కొట్టానన్న సంతోషంలో ఒక క్షణం ఆగిపోయాను. ఆ క్షణంలో ఇంకో రెండు తిన్నాను. చివరికి పాయింట్ల మీద ఓడిపోయాను. రిఫరీ చెయ్యి పైకెత్తాడు. ఈసారి నాది కాదు.

మిల్లు వెనక నీళ్ల తొట్టి దగ్గర మొహం కడుక్కుంటుంటే నాయిన వచ్చాడు. నా ఎడమకన్ను బూరెలా ఉబ్బి ఉంది. కుడికంటితో ఆయన కాళ్లనే చూస్తూ చెప్పేశాను.

"నాయినా, నేను ఇంతకుముందు ఎవ్వల్నీ కొట్టలే. నాలుగుసార్లు ఎదురుంగ ఎవ్వడు రాలే. నల్లగొండ పోరడు లేడు, ఎవ్వడు లేడు. నీకు అన్నీ అబద్ధాలే చెప్పిన."

నాయిన తొట్టి మీదికి వంగాడు. తువ్వాలు తడిపి నా కంటి మీద పెట్టాడు.

"నాకెర్కనే" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"మొదటిసారి నుంచే. తెల్ల బనీను ఏసుకోని పోయినవ్, తెల్లగనే తెచ్చినవ్. మీ అమ్మ ఉతకబోయి, గిదేం కొట్లాటయ్యా, చెమట వాసన గూడ లేదన్నది."

నాకు ఏడుపొచ్చింది. "మరి యార్డుల అందరికీ ఎందుకు చెప్పినవ్ నాయినా?"

"నువ్వు చెప్తుంటె మంచిగనిపించింది బిడ్డా. నేను చెప్తుంటె వాళ్లకు గూడ మంచిగనిపించింది. కథ నడుస్తుంటె బస్తా అంత బరువనిపియ్యదు."

"అయితె వాళ్లంత నమ్మిన్రా?"

నాయిన నా వైపు జాలిగా చూశాడు. "ఏడికెల్లి నమ్ముతరు? మీ సారు మా యార్డు ముంగటనే చాయ్ తాగుతడు. వరంగల్ వోని ముక్కు పగిలితె బాగుంటదని చెప్పిందే మల్లయ్య."

నాలుగేళ్లు నేను లోపల లోపల కుమిలిపోయింది ఎవరి కోసమో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. యార్డంతా కలిసి నా కథ రాసుకుంటోంది, తెలియనిది ఒక్క నాకే. ఇంతలో మల్లయ్య అటు వచ్చి నా కన్ను పరీక్షగా చూసి, "ఇగ ఇప్పుడు బాక్సర్ లెక్క ఉన్నవ్ కొడుకా" అని భుజం తట్టాడు. నాలుగు బంగారు పతకాలు వేసుకున్నప్పుడు రాని గర్వం అప్పుడొచ్చింది. తిరుగు ప్రయాణంలో వ్యానులో మిగిలిన పులిహోరంతా నేనే తిన్నాను. నమలడానికి ఒక్క పక్కే పనిచేసింది.

ఆ తర్వాత ఇంకో ఏడు పోటీలు చేశాను. మూడు గెలిచాను, ఎదుట మనుషులుండగానే. ప్రసాద్ ఇప్పుడు మంచి స్నేహితుడు. ఫోన్ చేస్తే హలో అనడు, "అన్నా, ఇటు తిరుగు" అంటాడు.

కాబట్టి ఇందుమూలంగా యావన్మంది పాఠకులకు తెలియజేయునది ఏమనగా, నేను, లింగయ్య కుమారుడు సైదులు, ఇకమీదట గంట మోగిన తర్వాత నాలుగు వైపులా చూసుకోనిదే ఎవరికీ, ఎట్టి పరిస్థితుల్లోనూ, దండం పెట్టనని ఒట్టేసి చెప్తున్నాను. ఈ ఒట్టును గుడిలో కూడా పాటిస్తున్నాను. మొన్న గంట కొట్టి, గభాలున వెనక్కి తిరిగి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంటే పూజారి గారు అడిగారు, ఎవరి కోసం నాయనా చూస్తున్నావని. ఎవరూ లేరని ఖాయమైతే మొక్కుకుందామని ఆగానండీ అన్నాను.