యూసుఫ్ వాళ్ల అమ్మీకి ఎవరు చెప్తారు?

పొద్దున ఆత్మకూరు నుంచి కబురొచ్చింది, అమ్మాయి వాళ్లు సంబంధం వద్దనుకున్నారట. ఇంట్లో ఎవరి ముఖమూ చూడలేక జడ్చర్ల వచ్చి నెట్ సెంటర్లో కూర్చున్నాను. చాట్‌లో మీరంతా ఉన్నారు. "నా పెళ్లి" అని కొట్టి పంపాను. తర్వాతి మాట కొట్టి చెరిపేశాను. అంతలో ఎవరికో ఎస్టీడీ కావాలంటే సెంటరాయన నెట్ తీసేసి లైను ఫోన్‌కు తగిలించాడు. ఇక్కడ రెండింటికీ ఒకటే లైను.

బతిమిలాడితే చాలాసేపటికి మళ్లీ ఇచ్చాడు. చూస్తే తెర నిండా మీ సంబరమే. ఒకడు బ్యాండు మాట్లాడాడు, ఇంకొకడు నన్ను గుర్రం ఎక్కించాడు. "తప్పిపోయింది" అని రాస్తే, "ఏంది, గుర్రమా?" అని నవ్వారు. నవ్వండి, మీ తప్పేం లేదు.

ఆఖరున యూసుఫ్ రాశాడు: "అరే, ఈ నెట్ సెంటర్ పక్కనే మా ఇల్లు గదా, ఉరికి అమ్మీకి చెప్పొచ్చిన. దావత్ బిర్యానీ నేనే వండుత, బయటోళ్లను పిలవొద్దు అంటాంది. అటక మీది పెద్ద డేగిసా దింపి తోముతాంది. జర తారీఖు చెప్పు."

నేను "ఇంకా ఖాయం కాలే" అని కొట్టాను. అంతకు మించి చేతకాలేదు.

పొద్దటి నుంచి మా ఇంట్లో పొయ్యి ముట్టించలేదు. అక్కడ ఆమె నా కోసం గిన్నె తోముతోంది. మళ్లీ ఎవరికైనా ఫోన్ కావాల్సి వచ్చేలోపు ఈ మెయిల్ మొత్తం రాసి పంపుతున్నాను. ఆమె చేతుల్లోంచి ఆ డేగిసా తీసుకుని అటక ఎక్కించేది ఎవరో మీలో మీరే తేల్చుకుని రాయండి. నా వల్ల కాదు.