బొమ్మ ఇంజినుకి రెండో నాలుక

మా వదినంత పొగరుబోతు మనిషిని నేను చూడలేదు. ఇది తిట్టు కాదు. మా వారికి అక్కగారు, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఎంతటి అధికారి ఫోను చేసినా "జెర ఆగుండ్రి" అని కూచోబెట్టిన మనిషి. పెళ్లి మాట ఎత్తితే "లైను ఖాళీ లేదు" అనేది. తన పనిలో తప్పుందంటే చచ్చినా ఒప్పుకునేది కాదు. ఒప్పుకోవాల్సిన అవసరమూ ఎప్పుడూ వచ్చేది కాదు, అదీ మా ఖర్మ! అటువంటి మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "తప్పు నాదే" అనడం నా చెవులతో విన్నాను. ఆ తప్పు ఆమె చెయ్యలేదు.

పోలీసు చర్య జరిగిన రోజులవి. నేను గుంటూరు వైపు నుంచి రైల్వే వాళ్లుండే మెట్టుగూడకి కోడలిగా వచ్చి ఎంతో కాలం కాలేదు. మామయ్యగారు రైలు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. మా వారు ఫైర్‌మన్, అంటే ఇంజినులో బొగ్గు వేసే ఉద్యోగం. సైన్యం రాష్ట్రంలోకి వస్తుందని ఊరంతా గుసగుసలాడుతున్నప్పుడే ఆయన గూడ్సు బండితో కాజీపేట వైపు వెళ్లారు. ఆ మర్నాడే గొడవ మొదలైంది. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. విమానం మోత వినిపిస్తే చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. వదిన డ్యూటీలో కూర్చుని దొరికిన ప్రతి స్టేషన్నీ తమ్ముడి బండి గురించి అడిగేది. చాలా స్టేషన్ల నుంచి జవాబే లేదు.

ఇంట్లో ఇంత బెంగ పెట్టుకుని మామయ్యగారు ఏం చేశారనుకున్నారు? మంచం కింద నుంచి బొమ్మ రైలు బయటికి లాగారు!

అది కరెంటుతో నడిచే బొమ్మ. ఒక ఇంగ్లీషు అధికారి స్వదేశం వెళ్లిపోతూ, తన బండి నడిపిన డ్రైవరుకి జ్ఞాపకంగా ఇచ్చిపోయాడట. అప్పటికే పాతది. ఆకుపచ్చ ఇంజిను, వెనక బొగ్గుపెట్టె, రెండు పెట్టెలు. ముందు గదిలో నేలంతా పట్టాలు పరిచారు. నేను వంటింట్లోకి వెళ్లాలంటే చీర కుచ్చెళ్లెత్తుకుని దాటాలి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు! గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టాను. ఆయనకి వినపడలేదు. ఆ కోపంలో తప్పుందని ఇప్పటికీ అనుకోను.

పైగా ఆ వెధవ ఇంజిను నడిస్తేగా! పట్టా రెండుగా చీలే చోటికి రాగానే టక్కున ఆగిపోయేది. వేలితో నెడితే కదిలేది. మళ్లీ చుట్టు తిరిగొచ్చి అక్కడే ఆగేది. మామయ్యగారికి పట్టుదల పెరిగింది. ఒక సాయంత్రం మా ఎదుటే అనేశారు: "ఇది ఒక్క చుట్టు ఆగకుండా తిరిగిందా, అక్కడ వాడికి లైన్ క్లియర్ దొరికినట్టే."

లైన్ క్లియర్ అంటే బండి కదలడానికి స్టేషను వాళ్లిచ్చే అనుమతి. ఆయన నోరు జారి అన్నారో, కావాలని అన్నారో తెలీదు. మేం శకునాలు చూసే వాళ్లం కాదు. పొద్దునా సాయంత్రం బైబిలు చదువుకునే ఇల్లు మాది. పిల్లి ఎదురొస్తే దానికి పాలు పోసే రకం. అయినా ఆ మాట అన్నది మొదలు నేను వంటింట్లోంచి ఆ ఇంజిను చప్పుడుకే చెవులు రిక్కించేదాన్ని. ఆగిపోగానే నా ప్రాణం ఉసూరుమనేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే సిగ్గుచేటు!

ఒకరోజు వదిన డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, పట్టాల ముందు వంగి చూసింది. వేలితో తడిమింది.

"ఏందీ గిది? పట్టాల మీద ఇసుకనా?"

నిజంగానే ఇసుక. నా టీ జల్లెడతో జల్లించి మరీ పోశారు మహానుభావుడు! నా జల్లెడ కోసం నేను రెండ్రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నాను.

"చక్రం పట్టు తప్పితే ఇసుకే మందు," అన్నారు మామయ్యగారు. "తల నెరిసేదాకా బండి నడిపాను. నాకు చెప్పొస్తున్నావా?"

అసలు ఇంజిన్లలో ఇసుక డబ్బా ఉంటుంది. వానకి చక్రాలు జారితే డ్రైవరు పట్టాల మీద ఇసుక వదులుతాడు. ఆయన చెయ్యి జీవితమంతా నేర్చుకున్న పని అది. చక్రాలకి ఆముదమంత చిక్కటి నూనె కూడా పట్టించారు. ప్రేమ ఎక్కువై బిడ్డకి ఊపిరాడకుండా చేసినట్టయింది పాపం.

"దీనికి జారుడు తక్లీఫ్ కాదు నాన్నా. కరెంటు అందుతలేదు," అని వదిన నేల మీదే చతికిలబడింది. "ఎక్స్ఛేంజిల మా ప్లగ్గులకు ధూళి పట్టినా ఇట్లనే మాట పోతది. నూనె పెడితె ఇంకింత ఖరాబైతది."

ఆమె పని చేస్తుంటే చూడాలి! ఇంజినుని తిరగేసి ఒళ్లో పెట్టుకుంది. మందుల పెట్టెలోంచి స్పిరిట్టు తీసి చక్రాల జిడ్డు కడిగింది. పెన్సిలు రబ్బరుతో పట్టాలు మెరిసేదాకా రుద్దింది. తర్వాత నన్ను పిలిచి చూపించింది. పట్టాలు మూడు. నడిమి పట్టాలోంచి కరెంటు వస్తుంది. ఇంజిను కడుపు కింద ఒక ఇత్తడి ముక్క, నాలుకలాంటిది, ఆ పట్టాని రాసుకుంటూ పోతుంది. పట్టా చీలే చోట నడిమి పట్టా కాస్త దూరం తెగి ఉంటుంది. నాలుక ఆ ఖాళీలోకి రాగానే కరెంటు పోతుంది, ఇంజిను ఆగుతుంది.

"ఒక్క నాలుకతోని ఎట్ల నడుస్తది పిల్లా? వెనక బొగ్గుపెట్టెకు సుత ఒకటి పెట్టాలె. ముందలిది ఖాళీల ఉన్నప్పుడు వెనకది పట్టా మీద ఉంటది."

అంత తేలిగ్గా చెప్పేసింది. నాకు ఆ క్షణంలో ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది, జల్లెడ సంగతి కూడా మర్చిపోయాను.

రెండో నాలుకకి పల్చటి ఇత్తడి కావాలి. బజారు మూసేశారు. పక్కింటాయన సీతాఫల్‌మండిలో గడియారాలు బాగుచేసే ముసల్మాను. కొట్టు తెరిచే ధైర్యం లేక ఇంట్లోనే ఉన్నాడు. సైన్యం వచ్చాక ఏమవుతుందోనని వాళ్లావిడ పగలంతా మా వంటింట్లోనే నాతో పాటు కూరలు తరుగుతూ కూర్చునేది. ఆయన తన టార్చిలైటు తెచ్చి, విప్పి, లోపలి ఇత్తడి రేకు ఊడబీకి ఇచ్చాడు.

"అయ్యో, మీ టార్చి పాడయింది కదండీ!" అన్నాను.

"పోనియ్యమ్మా. ఇప్పుడు టార్చి వట్టుకుని బయట తిరిగేటోడెవడు? మీ ఆయన బండి కదలనియ్యి, గదే చాలు."

అంటే ఆయన కూడా ఆ ఇంజిను వంకే చూస్తున్నాడన్నమాట! వదిన ఆ రేకుని కత్తిరించి, వంచి, బొగ్గుపెట్టె కింద బిగించింది. దాన్నుంచి ఇంజినులోకి సన్నటి తీగ లాగి, పక్కింటాయన దగ్గరున్న చిన్న కడ్డీ నా కుంపటిలో కాల్చి, తగరం కరిగించి మాటు వేసింది. జొన్నగింజంత మాటు, వెండిలా మెరిసింది.

ఇంజిను కదిలింది. పట్టా చీలే చోటికి వచ్చింది. ఆగలేదు. ఒక చుట్టు, మరో చుట్టు, ఎక్కడా తడబడకుండా తిరుగుతూనే ఉంది. పక్కింటాయన "వారెవా!" అన్నాడు. అందరం గుమ్మం వైపు చూశాం. గుమ్మంలో ఎవరూ లేరు.

మామయ్యగారు కరెంటు తీసేశారు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. ఆ చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఇన్నాళ్లూ వాటికి పనుంది కాబట్టి మాకు తెలియలేదు. "ఇంక నేనేం చెయ్యనమ్మా?" అన్నారు, నాతోనే. నేను వంటింట్లోకి పారిపోయాను.

ఆయన మర్నాడు కాఫీ తాగలేదు. పట్టాల వంక చూడలేదు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు వదిన నా కుట్టుపని కత్తెర తీసుకుని, ఇంజిను ముందు కూర్చుని, తను లాగిన తీగని తనే పుటుక్కున కోసేసింది. నేను గుడ్లప్పగించి చూశాను.

"వదినా! అంత కష్టపడి..."

"నోరు మూస్కో పిల్లా. ఆయన చేతులు చూసినవా లేదా?"

మామయ్యగారు రాగానే మొహం వేలాడేసుకుని నిలబడింది. "నాన్నా, బండి మళ్ల ఆగింది. తప్పు నాదే. పరేషాన్ల మాటు సరిగ్గ పెట్టలె. నాతోని కాదు, జెర నువ్వే చూడు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. చాలాసేపు చూశారు. ఆ తర్వాత తిట్టారు చూడండి! "నీకు ఉద్యోగం ఇచ్చినవాణ్ణి అనాలి! ఇదా మాటు? ఇదా తీగ?" అంటూ కుంపటి తెమ్మన్నారు. పొగరుబోతు వదిన తల వంచుకుని ఒక్కొక్క తిట్టూ పడింది. నాకైతే ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఆయన ఆ రోజంతా పని చేశారు. ఆ మర్నాడూ చేశారు. అన్నం తిన్నారు.

మా వారు వచ్చేసరికి మామయ్యగారు ఇంకా ఆ తీగతోనే కుస్తీ పడుతున్నారు. అంతా సద్దుమణిగాక బండి మౌలాలి దాకా తెచ్చి, అక్కణ్నుంచి నడిచొచ్చారు మా వారు. ఒంటి నిండా మసి, పళ్లు మాత్రం తెల్లగా. నేను "ప్రభువా!" అని కేక పెట్టి, వెంటనే ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చారని తిట్టాను. మామయ్యగారు తలెత్తలేదు.

"ఎంత లేటురా?"

"చానా లేటు నాన్నా."

"ఊఁ. కాళ్లు కడుక్కో." చేతిలో కడ్డీ ఎప్పుడో చల్లారిపోయింది. ఆయన దాన్ని తీగకి అదిమిపట్టే ఉన్నారు.

చాలా ఏళ్ల తర్వాత ఒక క్రిస్మసుకి ఆ రైలు మళ్లీ బయటికి తీశాం. మామయ్యగారు బాగా పెద్దవారయ్యారు. వదిన లోపల కేకు కోస్తోంది. ఆయన నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అన్నారు: "దాని మాటు ఊడుతుందటే? దాని పనెప్పుడైనా ఊడిందా? కత్తెరతో కోసిన తీగ నాకు తెలీదనుకుంది, పిచ్చిది. నువ్వు మాత్రం దానికి చెప్పకు."

నోరు మూసుకోమని వదినా అంది, ఆయనా అన్నారు. ఇద్దరూ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయేదాకా మూసుకునే ఉన్నాను.