గట్టు మీద నారాయణప్ప చెప్పిన మాట

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే నేను అద్దం మూసేస్తాను. దారి పొడవునా టమోటా తోటలు. ఏదో ఒక చేలో ఎవరో ఒకరు వీపున ట్యాంకు తగిలించుకొని మందు కొడుతూనే ఉంటారు. ఆ ఘాటు వాసన అద్దం సందులోంచైనా లోపలికి వస్తుంది. వచ్చినప్పుడల్లా పద్నాలుగేళ్ళ వయసులో నేను అనవలసిన ఒక మాట గుర్తుకొస్తుంది. "చెప్పినాడు" అనాలి. అనలేదు. "లేదు" అన్నాను. ఆ అబద్ధంతో నాకొక తల్లి దక్కింది. నారాయణప్పకు ఊళ్ళో ఉన్న మంచిపేరు పోయింది. ఇన్నేళ్ళూ ఈ కథను నేను చాలామందికి తప్పుగా చెప్పాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను మదనపల్లెలో ఒక పిల్లల ఆశ్రమంలో పెరిగాను. అక్కడివాళ్ళు పిల్లల్ని కొన్నాళ్ళపాటు ఎవరి ఇంట్లోనైనా ఉంచేవారు. ఇద్దరికీ కుదిరితే దత్తత, కుదరకపోతే వెనక్కి. పదకొండేళ్ళప్పుడు నన్ను కలికిరిలో ఒక ఇంట్లో ఉంచారు. ఆరు నెలలకు ఆ ఇల్లాలికి నెల తప్పింది. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. బస్సులో తినమని జంతికలు కట్టిచ్చి మరీ పంపించారు. అప్పటినుంచి నేను ఏ ఇంట్లో ఉన్నా సంచిలోంచి బట్టలు బయటికి తీసేవాణ్ణి కాదు. పదమూడు దాటాక పుంగనూరు దగ్గర పల్లెలో రెడ్డెమ్మ దంపతుల ఇంటికి వచ్చాను. వాళ్ళకు పిల్లల్లేరు. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. ఆశ్రమం మేడమ్ నన్ను దింపిన రోజే వాళ్ళకు ఒక సంగతి చెప్పింది. పదిహేనేళ్ళు నిండితే దత్తతకు చట్టం ఒప్పుకోదు, ఏ నిర్ణయమైనా ఆలోపే. ఆ మాట నేనూ విన్నాను. ఆ రోజునుంచి నా పుట్టినరోజంటే నాకు భయం.

నారాయణప్పది పక్క చేను. టమోటా పెట్టేవాడు. అప్పటికి నలభై దాటినవాడు, బక్కపలచని మనిషి. నన్ను చూసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది "మీ అమ్మానాయనా ఎవరప్పా" అనే. ఆయన మాత్రం గట్టు మీద కూర్చొని నన్ను ఎగాదిగా చూసి, "ఏమప్పా, ముద్ద తింటావా, లేకుంటే సోగ్గా అన్నమేనా?" అని అడిగాడు. రాగిముద్ద నాకు గొంతు దిగదని చెప్పాను. "అది నమిలేది కాదురా, మింగేది. రా, నేర్పిస్తా," అని తన సద్దిలోంచి సగం తుంచి పెట్టాడు. పులుసులో ముంచి గుటుక్కున మింగడం ఆ రోజు నేర్చుకున్నాను. నన్ను నవ్వించిన మొదటి పెద్దమనిషి ఆయనే. బడి లేని రోజుల్లో ఆయన చేలో కాయలు కోసేవాణ్ణి. మార్కెట్టుకు పోయే క్రేట్లలో అందరూ అడుగున చిన్నకాయ వేసి పైన నిగనిగలాడేది పేర్చేవాళ్ళు. నేనూ అలాగే పేరిస్తే, మొత్తం కుమ్మరించి మళ్ళీ పేర్చమన్నాడు. "మదనపల్లె మండీలో నా క్రేటు ఎవురూ బోర్లించి సూడరురా. యాల సూడరో తెలుసా? ఇరవై ఏండ్లుగా పైన ఏముండాదో అడుగునా అదే ఉండాది." గొప్ప కోసం చెప్పినట్టు ఉండేది కాదు. పని చూపిస్తూ మామూలుగా అనేవాడు.

పట్టుపురుగులకు పసిపిల్లల కన్నా ఎక్కువ మడి. కాళ్ళు కడుక్కోకుండా షెడ్డులోకి పోకూడదు. పౌడరు పూసుకున్నవాళ్ళు, పొగాకు నమిలేవాళ్ళు గడప దగ్గరే ఆగిపోవాలి. పురుగుమందు ముట్టినవాళ్ళు ఇంటి ఛాయలకే రాకూడదు. అందుకని ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. టమోటాకు మందు కొట్టే రైతు మల్బరీ రైతుకు ముందే చెప్పాలి. గాలికి మందు పడిన అంచు సాళ్ళలో ఆకును మల్బరీ రైతు పదిహేను రోజులు కోయకూడదు. ఒప్పందం, కాగితం ఏమీ ఉండదు. నోటిమాటే.

ఆ ఏడు పురుగులు నాలుగోసారి పొర విడిచే నిద్ర లేచి, గూడు కట్టేముందు చివరి మేతలో ఉన్నాయి. ఆ వారం రోజులూ అవి ఆపకుండా తింటాయి. రెడ్డెమ్మ షెడ్డులోంచి బయటికే రావడం లేదు. నారాయణప్ప అప్పటికే మందు కలుపుకొని ఉన్నాడు కాబట్టి ఇంటిదాకా రాలేదు. గట్టు మీదినుంచే నన్ను కేకేశాడు. "రమేశా, మందు కొడతాండా. అంచు నాలుగు సాళ్ళూ కోయగాకండి. మీ అమ్మకు చెప్పు. మర్సిపోతావు, ఇప్పుడే పో." అలాగే మామా అన్నాను. నడుస్తుంటే దారిలో ఆలోచన అంతా వచ్చే వారం రాబోయే మేడమ్ మీదికి పోయింది. ఆమె ఆఖరి విచారణకు వస్తోంది. అన్నీ సరిగ్గా ఉంటే కోర్టుకు కాగితాలు పెడతారు. ఆమె ఏమి అడుగుతుంది, నేనేమి చెప్పాలి అనుకుంటూ షెడ్డు దగ్గరికి పోయి, ఆకు గంప లోపలికి అందించి వచ్చేశాను. చెప్పలేదు.

అది మరుపు. తర్వాతిది మరుపు కాదు. రెండు రోజులూ లోపలి సాళ్ళే కోస్తూ వచ్చిన రెడ్డెమ్మ భర్త మూడో రోజు పని మీద పుంగనూరు పోతే ఆకు కోయడం నా వంతయింది. అంచు సాళ్ళ దగ్గర కొడవలి పట్టుకొని నిలబడినప్పుడు నారాయణప్ప మాట గుర్తుకొచ్చింది. లోపలి సాళ్ళు దూరం. పైగా మబ్బు పట్టింది, తడిసిన ఆకు పురుగులకు పనికిరాదు. ఒక ఆకు తుంచి వాసన చూశాను. ఏమీ లేదు. రెండు మోపులు కోశాను.

సాయంత్రానికి పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి. నోటినుంచి పచ్చటి నీళ్ళు కక్కాయి. మరునాటికి తట్టల్లో కదిలేది ఒక్కటీ లేదు. రెడ్డెమ్మ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకొని గట్టు మీదికి నడిచింది.

"చెప్పకుండా కొడితివే నారాయణప్పా. నీకు నేనేం పాపం చేసినా?"

"చెప్పినానమ్మా. మీ పిల్లోనికి చెప్పి పంపిస్తి."

ఆమె నావైపు తిరిగింది. "చెప్పినాడా నీకు?"

నాకు కలికిరి బస్సు, జంతికల పొట్లం కళ్ళ ముందుకొచ్చాయి. "లేదు," అన్నాను.

"విన్నావా? నా కొడుకు అబద్ధం చెప్పడు," అంది రెడ్డెమ్మ. నా కొడుకు అని ఆమె అనడం అదే మొదటిసారి. నారాయణప్ప నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. నా మొహంలో ఏదో వెతుకుతున్నట్టు కాసేపు చూసి, దొరికిందనుకుంటాను, తల దించుకున్నాడు. "అట్లయితే నేనే మర్సిపోయింటానులేమ్మా," అన్నాడు.

ఊరు ఆ మాటను పట్టుకుంది. చెప్పకుండా మందు కొట్టినోడు అన్న పేరు ఆయనకు నిలిచిపోయింది. రెండిళ్ళకూ మాటల్లేవు. ఒకే బోరు నీళ్ళు పంచుకునే మనుషులు వంతులు మారేటప్పుడు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. తర్వాతి వారమే మేడమ్ వచ్చి ఇరుగుపొరుగును విచారించింది. నారాయణప్ప చేలోకి పోతుంటే నేను మల్బరీ చెట్ల చాటున నిలబడ్డాను. ఆయన ఒక్క మాట చెబితే అంతా అయిపోతుంది.

"మీకూ వాళ్ళకూ పడదంట కదా?" అని అడిగింది మేడమ్.

"పడందీ పడేదీ పెద్దోళ్ళకు. పిల్లోనికేం?"

"పిల్లాడు ఎట్లాంటోడు?"

ఆయన నోట్లో పొగాకు పక్కకు ఉమ్మాడు. "మంచోడు. కొంచెం భయస్తుడు. ఆ ఇంట్లోనే ఉండనీండి, ఆ భయం పోతాది," అన్నాడు.

పదిహేనేళ్ళు నిండడానికి ఇరవై రోజుల ముందు మదనపల్లె కోర్టు ఒప్పుకుంది. సంచిలోంచి బట్టలు తీసి రెడ్డెమ్మ పెట్టెలో సర్దుకున్నాను. ఆమె మా అమ్మ అయింది. రెండేళ్ళకు నారాయణప్ప చేను అమ్ముకొని కుప్పంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒకసారి పుంగనూరు బస్టాండులో ఆయన కనిపిస్తే నేను బస్సు వెనక్కి తప్పుకున్నాను. చదువుకొని మాస్టరునయ్యాను. మా నాయన పోయాడు. ఆ "లేదు" మాత్రం అలాగే ఉండిపోయింది.

నిరుడు ఆశ్రమంలో పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే పోయాను. అమ్మ నన్ను ఎంత నమ్మిందో చెప్పడానికి ఈ కథే ఎత్తుకున్నాను. పక్క చేనాయన చెప్పకుండా మందు కొట్టాడనీ, అయినా తప్పు నా మీదికి తోశాడనీ, అమ్మ నా మాటే నమ్మిందనీ చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక అమ్మాయి, పద్నాలుగేళ్ళుంటాయి, దత్తత కోసం ఎదురు చూస్తోందట. "ఆయప్ప ఏమయినాడు సార్ తర్వాత?" అని అడిగింది. సరాసరి పుంగనూరు బస్సెక్కి అమ్మ దగ్గరికి పోయాను.

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"నిజం చెప్పింటే పంపించేస్తాననుకున్న్యావా?"

"అనుకున్నానమ్మా."

"పంపిచ్చుంటానేమో. ఆ పొద్దు నాకొచ్చిన కోపం నాకు తెలుసు. ఇప్పుడు కూసోని పంపిచ్చను అని చెప్పేది సులువు." గిన్నె పక్కకు నెట్టి లేచింది. "ఆయప్పను అన్ని మాటలూ అన్నింది నేను. సీర మార్చుకొని వస్తా, ఉండు."

కుప్పంలో నారాయణప్ప ఇల్లు వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎనభైకి దగ్గర పడ్డాడు. అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. అమ్మను వెంటనే గుర్తుపట్టి, "రెడ్డెమ్మా, నువ్వూ ముసిలిదానివైపోతివే," అని నవ్వాడు. కూతురు, అల్లుడు వచ్చి మాకు కుర్చీలు వేశారు. నేను గొంతు సవరించుకోగానే ఆయనకు అర్థమైపోయింది. "అదంతా ఇప్పుడు యాలప్పా, కాపీ తాగు," అన్నాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "వాణ్ణి చెప్పనీ నారాయణప్పా. నీ కూతురూ అల్లుడూ వినాల."

"ఆ మందు సంగతా? మా నాయనకు అప్పుట్నుంచే మతిమరుపు గదా," అంది కూతురు. ఆ ఇంట్లోవాళ్ళు ముప్పై ఏళ్ళుగా ఆయన్ను మతిమరుపు మనిషి అనుకుంటున్నారని అప్పుడే నాకు తెలిసింది. ఈ రోజుకీ నేను ఏ కాగితం మీద సంతకం పెట్టినా నా ఇంటిపేరు ఆయన ఇప్పించిందే అనిపిస్తుంది. నేను లేచి నిలబడ్డాను. బడిలో ఎన్నో మాట్లాడేవాణ్ణి, అక్కడ నాలుగు మాటలు కూడబలుక్కోవలసి వచ్చింది.

"మామా, ఆ పొద్దు నువ్వు చెప్పినావు. నేను విన్నాను. తెలిసే ఆ ఆకు కోసినాను. నువ్వు మర్సిపోలేదు. మా అమ్మ ముందర నేను అబద్ధం చెప్పినా. తప్పు నాది, నన్ను మన్నించు."