తాళం మెళ్లో వేసుకున్నాకే

2023 ఎండాకాలం. భిలాయిలో కోహ్కా వైపు వెళ్లే రోడ్డు మీద ఒక మోటారుసైకిళ్ల షోరూమ్‌లో నేను సర్వీస్ అడ్వైజర్‌ని. అంటే కస్టమర్ గోడు విని, మెకానిక్‌కి అర్థమయ్యేలా రాసిచ్చి, ఇద్దరి చేతా తిట్లు తినే ఉద్యోగం. ఆ ఏడాదే మా దగ్గరికి ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాయి. పెట్రోలు ఖర్చు లేదు, చప్పుడు లేదు అని సేల్స్ వాళ్లు ఊదరగొట్టి అమ్మారు. ఆ రెండో మాటే నా నెత్తి మీదకొచ్చింది.

సూరిబాబు గారు సెక్టర్ 2లో ఉంటారు. ఇక్కడి స్టీల్ ప్లాంటులో, ఇనుము సాగదీసే రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యారు. ఆ మోతకి ఆయన వినికిడి చాలావరకు అక్కడే పోయింది. భార్య నరసమ్మ గారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక, ఫిజియోథెరపీకి తీసుకెళ్లడానికని మా దగ్గర ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారు. ఆటో ఎక్కాలంటే ఆవిడ కాలు లేవదు.

నెల తిరక్కుండానే బండి ముందు మడ్‌గార్డ్ పగిలి వచ్చింది. ముగ్గురూ వచ్చారు. కొడుకు రాజేష్ వస్తూనే తండ్రిని చూపిస్తూ సగం హిందీలో అందుకున్నాడు.

"దీదీ, బండి వాపస్ తీస్కోండి. పాపా చేతికి ఇంక ఇవ్వను. నిన్న గేటు దగ్గర గోడకి కొట్టేశారు. అమ్మ ముందే దిగింది కాబట్టి బచ్ గయీ."

జరిగిందిది. గేటు ముందు ఆపి, భార్య దిగాక ఆయనా దిగి, బండిని లోపలికి తోశారు. మోటార్ ఆపి తాళం బయటికి తియ్యలేదు. పాత పెట్రోలు స్కూటరైతే ఇంజిన్ నడుస్తోందని అరచేతికి తెలిసేది. దీనికి ఆ వణుకు లేదు. తోస్తూ తోస్తూ త్రాటిల్, అంటే వేగం పెంచే పిడి, తిప్పేశారు. బండి ఉరికింది.

"సైడ్ స్టాండ్ వేస్తే మోటార్ ఆగిపోతుంది బాబాయ్," అన్నాను గట్టిగా.

"స్టాండేసి ఎలాగమ్మా తోసీది?"

నిజమే మరి. 'రెడీ' అని పచ్చగా వెలిగే గుర్తు చూసుకోమన్నాను. ఎండలో కనబడదన్నారు. మా మెకానిక్ పెద్ద బజర్ బిగించి నొక్కితే వర్క్‌షాప్ అంతా ఉలిక్కిపడింది. ఆయన మాత్రం, "ఇంకా బిగించలేదేటి?" అని అడిగారు.

"సెవిటోడి ముందు సంకం ఊదినట్టుంది," అని నరసమ్మ గారు నవ్వారు. రాజేష్ నవ్వలేదు. మేం తీసుకోకపోతే బయట అమ్మేస్తానన్నాడు. సూరిబాబు గారు తల వంచుకుని కూర్చున్నారు. నాకు జాలేసింది, ఒళ్లూ మండింది. ఆ బండి పోతే ఇక ఆవిడ చికిత్స కొడుకు డ్యూటీ ఖాళీలను బట్టే నడవాలి.

అప్పుడు నరసమ్మ గారు మొగుడి వైపు తిరిగి, చెవి దగ్గర అడిగారు.

"మిల్లులో రిపేరుకెల్తే ఊరికే సెయ్యెట్టీసీవోరా?"

"ఎలాగెడతాను! షట్‌డౌన్ తీసుకోవాల. కరెంటు ఆపించి, ట్యాగు కట్టి, తాళం నా దగ్గరెట్టుకున్నాకే మెషీను ముట్టుకునీది." అంటూనే ఆయన నిటారుగా కూర్చున్నారు. పని జరుగుతోంది, స్విచ్ వెయ్యొద్దని తగిలించే ఎర్ర బిళ్లే ఆ ట్యాగు.

"మరిదీ మెషీనే కదేటి? దిగితే షట్‌డౌనే. తాళం మెళ్లో ఏసుకున్నాకే ముట్టుకోండి."

కొత్త బండ్లకు కట్టే ఎర్ర రిబ్బను ముక్కతో తాళం కట్టిచ్చాను. మా గేటు దగ్గరే పరీక్ష పెట్టాం. ఆయన వెళ్లి వచ్చారు, దిగారు, తాళం తీసి మెళ్లో వేసుకున్నారు. అంతటితో ఊరుకోకుండా త్రాటిల్ ఒకసారి తిప్పి చూశారు. బండి కదల్లేదు.

"ట్రయల్ సూడాల. అదీ రూలే," అని అప్పుడు తోశారు. మళ్లీ మళ్లీ చేయించాను. ఒక్కసారీ తప్పలేదు.

"ఠీక్ హై. కొన్నాళ్లు నేను చూస్తాను," అన్నాడు రాజేష్.

నరసమ్మ గారు భర్త భుజం పట్టుకుని సీటు మీద సర్దుకుంటూ అన్నారు: "నువ్వేటి సూసీది? ఎనకాల కూకునీదాన్ని నాను."

రాజేష్ పక్కకి జరిగి బండికి దారిచ్చాడు.

ఇప్పుడు మా షోరూమ్‌లో ఎవరు ఎలక్ట్రిక్ బండి కొన్నా, మిఠాయికీ ఫోటోకీ ముందు తాళం తీయించి, బండి తోయించి చూస్తున్నాను. పెద్దవాళ్లైతే ఇంకో మాట కూడా అడుగుతున్నాను: ఇన్నేళ్లూ మీ చేతులు ఏ మెషీన్ మీద పనిచేశాయని. వాళ్లకి ఏం నేర్పాలన్నా నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను.